గుడ్డ కింద దాగే అతుకు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలకు గ్యాస్ వెల్డింగ్ చేసే మేస్త్రీలను చూస్తూ పెరిగాను. అతుకంటే ఏమిటో నాకు తెలుసనుకునేవాణ్ణి. టెక్సాస్‌లో ఒక పెద్దాయన గ్యారేజీలో తయారవుతున్న విమానపు అస్థిపంజరాన్ని చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఆయన కడుతున్నది లీగల్ ఈగల్. లెనార్డ్ మిల్‌హాలండ్ గీసిన ఒంటి సీటు విమానం. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజిన్‌ను సగానికి కోసి, మిగిలిన రెండు సిలిండర్లతో ఎగిరే పిట్ట! అమెరికాలో 1982 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు, అంటే సుమారు 115 కిలోల లోపు ఉండి, మిగతా షరతులకూ లోబడితే అది అల్ట్రాలైట్. నడపడానికి లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. ఆ 115 కిలోల్లోనే ఇంజిన్, రెక్కలు, చక్రాలు అన్నీ సర్దుకోవాలి. అందుకే చట్రం గొట్టాలు అంత పల్చన. 4130 క్రోమ్‌మాలీ ఉక్కు, గోడ మందం చాలాచోట్ల 0.035 అంగుళం, మిల్లీమీటరు కూడా లేదు. మన ఇళ్ళలో నీళ్ళ పైపు ఇంతకు మూడు రెట్లుంటుంది.

ఒక గొట్టం ఇంకోదానికి ఆనేచోట దాని చివరను వంపుగా కోయాలి. చేపనోరు అంటారు విమానం కట్టేవాళ్ళు. పెద్దాయన రంపంతో కోసి, అరగుండ్రం ఆకురాయితో అరగదీసి, రెండూ ఆనించి దీపానికి అడ్డం పెడతాడు. సందులోంచి వెలుతురు కనిపిస్తే మళ్ళీ ఆకురాయి. ఒక్క చేపనోటికి గంట పట్టడం నేను చూశాను.

తర్వాత గ్యాస్ టార్చి. మంట లోపలి మొనకు ఈక లాంటి తోక ఉంటే ఎసిటిలీన్ ఎక్కువైనట్టు. మొన కురచై బుస్సుమంటే ఆక్సిజన్ ఎక్కువైనట్టు, ఉక్కును కాల్చేస్తుంది. ఈక మాయమై మొన గుండ్రంగా నిలిచే క్షణం ఒకటుంది, అదే కావాలి. కందిగింజంత ఉక్కు కరిగి తళతళలాడుతుంది. అందులో కడ్డీ ముంచి, తీసి, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ ముంచి... అతుకు పూర్తయ్యేసరికి కజ్జికాయ అంచు మడతలే! ఒక్క మడత కూడా పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. మా అమ్మమ్మ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ ఆ పనితనం లేదనుకున్నాను నేను.

అన్నీ ఒకేసారి అతికేయకూడదు. ముందు ప్రతిచోటా చుక్కచుక్క పెట్టి నిలబెట్టాలి, ఆ తర్వాత ఇటొకటి, అటొకటి పూర్తిచేయాలి. లేకపోతే వేడి పెట్టిన వైపుకి తోక వంకరపోతుంది. గొట్టం చివరి సందు మూసేటప్పుడు లోపలి గాలి వేడెక్కి కరిగిన ఉక్కును ఉఫ్ఫున ఊదేస్తుంది, కాబట్టి ముందే సూదిబెజ్జం వేసుకోవాలి. ఆ బెజ్జంలోంచే తర్వాత అవిసె నూనె పోసి, ఒంపేస్తారు, లోపల తుప్పు పట్టకుండా. టెక్సాస్ ఎండలో, తలుపు దించేసి, ఫ్యాను కట్టేసి చేస్తాడీ పనంతా. గాలి తగిలి గబుక్కున చల్లారితే అతుకు పక్కన ఉక్కు పెళుసుబారుతుందట.

కరెంటుతో చేసే టిగ్ వెల్డింగ్ వచ్చాక గ్యాస్ ఎందుకనేవాళ్ళున్నారు. టిగ్ శుభ్రమైనదే, కాదనను. కానీ వేడి నెమ్మదిగా వ్యాపించి, నెమ్మదిగా చల్లారడంలో గ్యాస్‌కున్న నిదానం దానికెక్కడిది? నా ఓటు టార్చికే.

ఈ విద్యకు మూలపురుషుల్లో ఒకడు రైన్‌హోల్డ్ ప్లాట్జ్ అనే వెల్డరు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీలో ఫోకర్ కంపెనీ మనిషి. ఫోకర్ డి.7 యుద్ధవిమానం ఆయన బుర్రలో పుట్టిందనేవాళ్ళూ ఉన్నారు, కాదనేవాళ్ళూ ఉన్నారు. నేను మొదటి జట్టు. 1918లో యుద్ధ విరమణ ఒప్పందంలో పేరు పెట్టి మరీ అప్పగించమని అడిగిన విమానం అది. అమెరికాలో పాల్ పొబెరెజ్నీ 1955లో ఒక పత్రికలో బేబీ ఏస్ అనే విమానాన్ని 800 డాలర్లలోపు ఎలా కట్టుకోవచ్చో చూపించి గ్యారేజీల్లో టార్చీలు వెలిగించాడు. ఇక స్టీవ్ విట్‌మన్! ఆయన కనిపెట్టిన స్ప్రింగు ఉక్కు చక్రాల కాళ్ళను సెస్నా విమానాల కంపెనీయే హక్కులు కొనుక్కుని వాడింది. అంతటివాడు 1995లో, 91 ఏళ్ళ వయసులో, సొంతంగా కట్టుకున్న విమానంలోనే పోయాడు. రెక్క మీద గుడ్డ సరిగా అంటుకోక ఊడిందని దర్యాప్తులో తేలింది. ఇలాంటి విమానాల చట్రానికి తొడిగే గుడ్డను అంటించాక ఇస్త్రీపెట్టెతోనే మృదంగంలా బిగిస్తారు. మా పెద్దాయన ఇస్త్రీపెట్టె వేడిని థర్మామీటరుతో కొలవనిదే గుడ్డ మీద పెట్టడు.

ఇలాంటి పని మధ్యలో నకిలీలు చూస్తే ఒళ్ళు మండుతుంది. నేనూ నేర్చుకుందామని ఒక వ్యాపారి దగ్గర 4130 గొట్టాలు తెప్పించాను. పెద్దాయన టార్చిలైటు వేసి లోపల చూశాడు. పొడవునా సన్నటి అతుకు గీత! అసలు విమానపు గొట్టానికి అతుకుండదు, పైన 4130 అని అచ్చుంటుంది. నాకొచ్చింది కుర్చీలు చేసుకునే గొట్టం. దాని మీద కూర్చోవచ్చు, దాంతో ఎగరకూడదు. ఇంకో రకం పెద్దమనుషులుంటారు. సిద్ధమైన చట్రాన్ని కొని, రంగు వేసి, నేనే కట్టానంటారు. అతుకు బాగా రాకపోతే గ్రైండరుతో నున్నగా చెక్కి, లప్పం పెట్టి దాచేవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు. ఆ అతుకు మీదే కదయ్యా నువ్వు కూర్చునేది!

మన దగ్గరా అప్పుడప్పుడు ఓ కుర్రాడు నీళ్ళ పైపులు, బైకు ఇంజిను కలిపి విమానం చేశాడని టీవీలో హారతులిస్తారు. కుర్రాడి ఉత్సాహానికి దండం పెడతాను. ఆ పైపు ఎంత బరువు మోస్తుందో ఒక్కరూ అడగరేం? పల్చటి గొట్టం మీద మంట నిలపడం అతనికి ఎవరైనా నేర్పారా?

పెద్దాయన ఈ పని నేర్చుకునేటప్పుడు మొదటి ఆర్నెల్లు అతికిన ప్రతి ముక్కనూ రంపంతో మధ్యకు కోసి, ఉక్కు లోపలిదాకా కరిగిందా లేదా చూసుకున్నాడట. ఆ ముక్కలు ఇప్పటికీ ఒక డబ్బాలో ఉన్నాయి. ఐటీఐల్లో వెల్డింగ్ చెప్పే మాస్టార్లకు, ఆటోనగర్ మేస్త్రీలకు నాదొక విన్నపం. మీ కుర్రాళ్ళలో చెయ్యి నిలకడ ఉన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. అసలైన 4130 ముక్కలు రెండు నా ఖర్చుతో పంపుతాను. చేపనోరు కోయించి, అతికించి, మధ్యకు కోసి చూడండి.