ఇంప్యూరిటీ, వంశం: 1983 నాటి రెండు పత్రాలు

పాశమైలారం బల్క్‌డ్రగ్ కంపెనీల్లో షిఫ్టు దిగి ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగే కెమిస్టులకు అమెరికా నాడీవైద్యుడు విలియం లాంగ్‌స్టన్ పత్రం ఇట్టే అర్థమవుతుంది. అందులో ముద్దాయి ఒక ఇంప్యూరిటీ. 1982లో కాలిఫోర్నియాలో దొంగచాటుగా చేసిన మత్తుమందు బ్యాచ్ చెడి, ఎం.పి.టి.పి. అనే పదార్థం తయారైంది. అది ఎక్కించుకున్న యువకులు కొద్దిరోజుల్లోనే కొయ్యబారిపోయారు. అచ్చం ముదిరిన పార్కిన్సన్స్. ఆ సంగతి 1983 ఫిబ్రవరిలో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అదే ఏడు నవంబరులో, వంశపారంపర్యంగా వచ్చే మెదడు జబ్బు హంటింగ్‌టన్ వ్యాధి జన్యువు నాలుగో క్రోమోజోము మీద ఉందని జేమ్స్ గుసెల్లా బృందం 'నేచర్'లో చెప్పింది.

చదువుకోవడానికి మొదటిదే బాగుంటుంది. నేరపరిశోధనలా సాగి నేరుగా కణంలోకి దారి చూపింది. ఎం.పి.టి.పి.ని అసలు విషంగా మార్చేది మెదడులోని సహాయక కణాలేననీ, డోపమైన్ కణం దాన్ని తన సరుకే అనుకుని లోపలికి తీసుకుంటుందనీ, దాంతో మైటోకాండ్రియాలో కణానికి శక్తినిచ్చే ఏ.టి.పి. తయారీ దెబ్బతింటుందనీ తర్వాత తేలింది. గుసెల్లా పత్రంలో ఈ ఉత్కంఠ లేదు. ఉన్నదల్లా వెనిజులాలో మారకైబో సరస్సు ఒడ్డు కుటుంబాల వంశవృక్షాలు, డి.ఎన్.ఏ. ముక్కలు. జన్యువు చేతికి రావడానికి మరో పదేళ్లు పట్టింది. సి-ఏ-జి అనే మూడక్షరాలు అందులో 40 సార్లు, ఆపైన వరసగా వస్తే జబ్బు తప్పదు.

అయినా లోతు రెండోదానిదే. విషం మీద పడ్డప్పుడు కణానికి తేరుకునే వ్యవధి ఉండదు. హంటింగ్‌టన్‌లో చెడ్డ ప్రొటీన్ పుట్టుక నుంచీ తయారవుతున్నా, లక్షణాలు చాలామందిలో ముప్పై నలభై ఏళ్లకు గానీ బయటపడవు. అన్నాళ్లూ కణం చేతులు ముడుచుకుని కూర్చోదు. మడత తప్పిన ప్రొటీన్‌ను షాపెరోన్లనే సహాయక ప్రొటీన్లు సరిచేయబోతాయి. కుదరకపోతే కణం దాన్ని ముక్కలు చేసి వదిలించుకుంటుంది, అదీ చేతకాకపోతే ఒకచోట ముద్దగా పోగేస్తుంది. ఆ ముద్దలే కణాన్ని చంపుతున్నాయని చాలామంది నమ్మారు. 2004లో స్టీవెన్ ఫింక్‌బైనర్ బృందం ఒక్కో కణాన్నీ రోజుల తరబడి కనిపెట్టి చూస్తే, ముద్ద కట్టిన కణాలే ఎక్కువకాలం బతికాయి. శత్రువనుకున్నది కణం వేసుకున్న కంచె అన్నమాట!

మన ప్రాంతంలో చెల్లేది, జబ్బుకు బయటి విషాన్నే వెతికే లాంగ్‌స్టన్ తరహా ఆలోచనే. ఊరికే కాదు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. అనుమానం న్యాయమే. కానీ నలభై ఏళ్ల కార్మికుడి చేతులూ కాళ్లూ వాటంతటవే కదులుతుంటే కంపెనీ పొగే కారణమని తేల్చేస్తే, అతని తండ్రికి ఏమైందని ఎవరూ అడగరు. అది హంటింగ్‌టనే అయితే పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం.

మందుల పరిశోధన కూడా, విషాన్నే నమూనాగా తీసుకుని, ఇదే తొందరలో పడింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో గుర్తించిన ఫాస్ఫోక్రియాటిన్ కణానికి శక్తి నిల్వ. ఆ లెక్కన, ఆ నిల్వకు ముడిసరుకైన క్రియాటిన్ ముందుగా పెడితే ఎం.పి.టి.పి. ఎక్కించిన ఎలుకల్లో నాడీకణాలు నిలిచాయి. కానీ అవి కొద్దిరోజుల విషాన్ని తట్టుకున్న ఎలుకలు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి పార్కిన్సన్స్ పరీక్షను 2013లో, రోజుకు 40 గ్రాముల దాకా ఇచ్చిన హంటింగ్‌టన్ పరీక్షను 2014లో, ఫలితం లేదని మధ్యలోనే ఆపేశారు.