సంపాదకుడి వెనుక యజమాని: ‘కృష్ణా పత్రిక’ చేతులు మారిన చరిత్ర – ఒక విమర్శ

కీలకపదాలు: వారపత్రిక, యాజమాన్యం, సంపాదకత్వం, కృష్ణా పత్రిక, తెనుగు పత్రిక, నాలుగవ ఫారం

1. ప్రవేశిక

తెలుగు పత్రికల చరిత్ర ఎక్కువగా సంపాదకుల చరిత్రగానే రచింపబడింది. సంపాదకీయాల శైలి, జాతీయోద్యమంలో వాటి పాత్ర విస్తృతంగా చర్చకు వచ్చాయి. పత్రిక ఎవరి సొత్తు, నష్టాన్ని ఎవరు భరించారు అన్న ప్రశ్నలు మాత్రం పాదసూచికలకే పరిమితమయ్యాయి. ఈ లోపం చిన్న పట్టణాల వారపత్రికల అధ్యయనాన్ని ఎట్లా పక్కదారి పట్టిస్తుందో మచిలీపట్నం ‘కృష్ణా పత్రిక’ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సంఘం నుంచి వ్యక్తికి

1902 ఫిబ్రవరి 2న వెలువడిన కృష్ణా పత్రిక ఒక వ్యక్తి వ్యాపారంగా పుట్టలేదు. కృష్ణా జిల్లా సంఘం ఆలోచన దానికి మూలం. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు తొలి నిర్వాహకులు. నారాయణరావు మరణం, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడిన తర్వాత వెంకటప్పయ్య గుంటూరుకు తరలిపోవడం పత్రిక ఆధారాన్ని కదిలించాయి. ఉపసంపాదకుడిగా చేరిన ముట్నూరి కృష్ణారావు 1907లో సంపాదకులై, 1945లో మరణించేవరకు ఆ స్థానంలో కొనసాగారు.

ఈ మార్పును మన చరిత్రకారులు ‘సంపాదకుడి మార్పు’గానే నమోదు చేశారు. నిజానికి అది పత్రిక స్వభావంలో వచ్చిన మార్పు. సంఘం భారం వ్యక్తి భారమైంది. 1910 ముద్రణాలయాల చట్టం కొత్త ముద్రణాలయాల నుంచి 500 మొదలు 2,000 రూపాయల వరకు ధరావతు కోరే వీలు కల్పించింది. అటువంటి కాలంలో రాసిన వాక్యానికి మూల్యం ముద్రణాలయం చెల్లించవలసివచ్చేది. కాబట్టి సంపాదకీయ ధైర్యాన్ని శైలీగుణంగా మాత్రమే విశ్లేషించడం అసమగ్రం.

3. తెలంగాణ నుంచి ఒక పోలిక

1922లో ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ‘తెనుగు పత్రిక’ను, నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు ‘నీలగిరి’ని వెలువరించారు. ఇనుగుర్తిలో రచన, ముద్రణ, నిర్వహణ ఒకే ఇంట సాగాయి. అక్కడ యజమానిని సంపాదకుడి నుంచి వేరుచేసి చూపడం సాధ్యం కాదు. ఆ ఏకత్వమే పత్రికకు బలం, బలహీనత కూడా. ఇంటి శక్తి ఎంతవరకో పత్రిక ఆయుష్షు అంతవరకే. ఈ రెండు వారపత్రికలూ దీర్ఘకాలం నిలవలేదు.

కృష్ణా పత్రిక అందుకు భిన్నంగా తన సంపాదకుణ్ణి దాటి బతికింది. కాటూరి వేంకటేశ్వరరావు తర్వాతి సంపాదకులలో ఒకరు. అనంతరకాలంలో అదే పేరు హైదరాబాదు నుంచి దినపత్రికగా కూడా వెలువడింది. అయితే కొనసాగినది ఏమిటి? పేరును బదిలీ చేయవచ్చు. నలభై ఏళ్లలో సంపాదించిన పాఠకుల విశ్వాసాన్ని పత్రాల మీద బదిలీ చేయలేము. ఊరు మారి, కాలవ్యవధి మారి, యాజమాన్యం మారిన తర్వాత ‘ఒకే పత్రిక’ అనడం ఎంతవరకు సమంజసమో పరిశోధకులు నిరూపించాలి గాని ఊహించుకోరాదు.

4. ఆధారాల సమస్య

1867 చట్టం ముద్రాపకుడి పేరును, ప్రచురణకర్త పేరును అడిగింది. సంపాదకుడి పేరు అచ్చువేయడం 1922 సవరణతో తప్పనిసరి అయింది. యాజమాన్య వివరాలను ఏటా ఫిబ్రవరి తర్వాతి తొలి సంచికలో నాలుగవ ఫారం ద్వారా ప్రకటించే పద్ధతి 1956 నియమాలతో వచ్చింది. అంటే అంతకు ముందరి యజమానిని చందా ప్రకటనల్లో, విరాళాల పట్టికల్లో, ముద్రణాలయం చిరునామాలో వెదకాలి. సంపాదకీయ సంకలనాల్లో ఇవేవీ ఉండవు. సంకలనకర్తలు తీసివేసిన పుటల్లోనే ఉంటాయి.

5. ముగింపు

బౌరంపేట్, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల స్థానిక పత్రికలపై పనిచేసే పరిశోధకుడికి కూడా ఇదే మార్గం. ప్రతి సంచికలోనూ చివరి పుట అడుగున ఉండే ముద్రాపక వాక్యాన్ని మొదట నమోదు చేయాలి. ఆ తరువాతే సంపాదకీయం చదవాలి. పాత సంచికలు చెత్తకాగితాలుగా అమ్ముడైపోతే సంపాదకుడి పేరు ఏదో ఒక సన్మాన సంచికలోనైనా మిగులుతుంది. యజమాని పేరు మిగలదు. పత్రిక మౌనంగా ఉన్న సందర్భాలకు కారణం చెప్పగలిగే ఆధారం దానితోపాటే పోతుంది.