నాలుగు వాక్యాల సైకిల్

"డిడ్ యు హ్యావ్ ఎ బైక్ వెన్ యు వర్ ఎ చైల్డ్?" ఐఈఎల్టీఎస్ స్పీకింగ్ పరీక్షకి తయారయ్యేవాళ్ళు తప్పకుండా సాధన చేసే ప్రశ్నల్లో ఇదొకటి. పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. అందులో మొదటి నాలుగైదు నిమిషాలు ఊరు, ఇల్లు, చదువు, చిన్ననాటి సైకిల్ లాంటి మామూలు ముచ్చట్లకే. ఎదురుగా ఎగ్జామినర్, బల్ల మీద రికార్డర్. ఒక్కో ప్రశ్నకి మూడు నాలుగు వాక్యాలు చెబితే చాలు. ఆ నాలుగు వాక్యాలు తిన్నగా నిలబడటానికి ఎంత పనితనం కావాలో తెలియాలంటే అమీర్‌పేటలో ఏ మేడ మీద గదిలోనో మంచి టీచర్ పాఠం చెబుతుండగా వెనక బెంచీలో కూర్చుని వినాలి.

ముందు ఒక జవాబు విందాం. చదువుకున్న కుర్రాడే, బెరుకు కూడా పెద్దగా లేదు.

"ఎస్, ఐ యామ్ హ్యావింగ్ ఒన్ సైకిల్ ఇన్ మై చైల్డ్‌హుడ్. మై ఫాదర్ పర్చేజ్డ్ టు మీ. ఐ యామ్ యూజ్డ్ టు గో స్కూల్ బై దట్ సైకిల్. ఒన్ డే ఐ ఫెల్ట్ డౌన్ అండ్ ఐ డిడ్ నాట్ టోల్డ్ టు మై మదర్."

కథ ఎక్కడా ఆగలేదు, విన్నవాడికి అర్థమైంది. కానీ వాక్యవాక్యానికీ ఏదో ఒక నట్టు వదులుగానే ఉంది. చేతకాని టీచర్ అయితే మొదటి వాక్యం దగ్గరే చెయ్యెత్తి ఆపేస్తాడు. చేతనైనవాడు చివరిదాకా వింటాడు. పరీక్షలో మార్కులు నాలుగు పద్దుల్లో సమానంగా పడతాయి: ధారగా, పొందికగా చెప్పడం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. వ్యాకరణం కోసం మధ్యలో ఆపితే ధార పోతుంది. అందుకని దిద్దుబాటు జవాబు అయ్యాకే. ఫోన్‌లో రికార్డయిన తన మాటల్ని తానే విని, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాయమంటాడు. రాస్తుండగానే కొన్ని తప్పులు కుర్రాడికే దొరికిపోతాయి. 'ఫెల్ట్' దగ్గర పెన్ను ఆగుతుంది, కొట్టేసి 'ఫెల్' అని రాస్తాడు. అలా తనంతట తాను పట్టుకున్న తప్పు గురించి టీచర్ ఇంకో మాట మాట్లాడడు.

మిగిలినవాటిలో వరుస ఎంచుకోవడమే అసలు విద్య. ముందుగా పట్టేది అర్థం మార్చేసే తప్పుల్ని. 'ఐ యామ్ హ్యావింగ్' అంటే సైకిల్ ఇప్పుడూ ఉందన్నట్టే వినపడుతుంది, పైగా సొంతం అని చెప్పడానికి ఆ రూపం పనికిరాదు. 'ఐ యామ్ యూజ్డ్ టు' అంటే అలవాటు పడిపోయానని. ఈ కుర్రాడు చెప్పదలచుకున్నది ఒకప్పుడు రోజూ చేసి ఇప్పుడు మానేసిన పని. దానికి కావలసింది 'యామ్' లేని 'యూజ్డ్ టు'. ఇక్కడ టీచర్ సూత్రం చెప్పడు. "తెలుగులో ఏమంటావురా?" అని అడుగుతాడు. "తొక్కేవాణ్ణి సార్." "తొక్కాను అనవా?" "ఒక్కసారికైతే అంటాను." అంతే, రెండు గదులు విడిపోయాయి. తొక్కేవాణ్ణి అన్న చోటల్లా 'యూజ్డ్ టు', తొక్కాను అన్న చోట 'రోడ్'. ఇంగ్లీషు నేర్చుకోవడానికి తెలుగు అడ్డమని తీర్మానించేసినవాళ్ళు ఈ ఒక్క ప్రశ్నోత్తరం చూడాలి.

'డిడ్ నాట్ టోల్డ్' దిద్దే తీరు నాకు ఇంకా నచ్చింది. చెప్పలేదు అన్న మాటను విప్పి చూస్తే 'చెప్ప' అన్నది ఏ కాలమూ అంటని ముక్క, బరువంతా 'లేదు' మోస్తోంది. 'చెప్పాను లేదు' అని ఎవరూ అనరు. ఇంగ్లీషులోనూ అంతే: కాలాన్ని 'డిడ్' ఎత్తుకుంది కాబట్టి వెనకాల మాట ఖాళీ చేతులతో 'టెల్' అని రావాలి. రెండు భాషల్లోనూ బిగింపు ఒకటే. ఒకసారి చూపిస్తే మళ్ళీ వదులయ్యేది తక్కువ.

అన్నీ ఇంత సులువుగా కలవవు. 'పర్చేజ్డ్ టు మీ' లోని 'టు' మన 'కు' నుంచి వచ్చింది. 'కొనిపెట్టాడు'లో నాకోసం అన్న భావం క్రియలోనే ఉంది, ఇంగ్లీషు దాన్ని క్రియ పక్కనే కూర్చోబెడుతుంది: 'బాట్ మీ ఎ బైక్'. 'పర్చేజ్డ్' రసీదు మీద బాగుంటుంది, నాన్న విషయంలో 'బాట్' చాలు. ఇక 'ఎ', 'ద'లకి తెలుగులో సాటి లేదు, దగ్గరదారీ లేదు. మొదటిసారి చెప్పినప్పుడు 'ఎ', తర్వాత 'ఇట్' అని పట్టుకుని నడవడమే.

దిద్దుబాటు చెప్పే పద్ధతిలో కూడా తేడా ఉంది. కెనడాలో మాంట్రియల్ ప్రాంతపు ఫ్రెంచ్ తరగతి గదుల్ని గమనించి రాయ్ లిస్టర్, లైలా రాంటా 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లవాడు తప్పు చెబితే టీచర్లు సగానికి పైగా సందర్భాల్లో సరైన వాక్యాన్ని తామే తిరిగి చెప్పేశారు. పిల్లలు పట్టించుకుని బదులివ్వడం అతి తక్కువగా కనిపించింది ఆ పద్ధతికే. వాక్యం సగంలో ఆగి, మిగతాది పిల్లవాడి నోటే రప్పించినప్పుడు బాగా పనిచేసింది. మంచి టీచర్ "ఐ డిడ్ నాట్..." అని ఆగి, కనుబొమలెత్తి చూసేది అందుకే.

తర్వాత సాన పట్టడం. కీత్ మారిస్ 1983లో సూచించిన సాధన ఒకటుంది: ఒకే విషయాన్ని ముగ్గురు వేర్వేరు మనుషులకి నాలుగు, మూడు, రెండు నిమిషాల్లో చెప్పడం. వినేవాడు మారతాడు కాబట్టి చెప్పిందే చెబుతున్నామన్న విసుగు ఉండదు, సమయం తగ్గుతుంది కాబట్టి తడబాట్లు రాలిపోతాయి. సైకిల్ జవాబుకి అన్ని నిమిషాలు అక్కర్లేదు. బెంచీ మీద పక్కవాడికి, వెనకవాడికి, చివరికి టీచర్‌కి చెబితే సరిపోతుంది.

మధ్యలో ఒక పిడకల వేట. అచ్చేసిన జవాబులు బట్టీ పట్టించే చోట్లూ ఉన్నాయి. ఆ జవాబుల్లో పిల్లలందరికీ పుట్టినరోజుకే కొత్త సైకిల్ వస్తుంది. ఎగ్జామినర్లు బట్టీని ఇట్టే పసిగడతారు. అందుకే మన టీచర్ తెలుగులో ఇంకో ప్రశ్న వేశాడు: "కాళ్ళు అందేవా?" అందేవి కావట. నాన్న వాడిన పెద్ద సైకిలే, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాడట. అది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఇంగ్లీషులోకి వెళ్ళాల్సింది అదే.

"యస్, ఐ డిడ్. మై ఫాదర్ గేవ్ మీ హిజ్ ఓల్డ్ బైక్ వెన్ ఐ వాజ్ అబౌట్ టెన్, అండ్ ఐ యూజ్డ్ టు రైడ్ ఇట్ టు స్కూల్. ఇట్ వాజ్ టూ బిగ్ ఫర్ మీ, సో ఐ హ్యాడ్ టు పుట్ ఒన్ లెగ్ అండర్ ద క్రాస్‌బార్. ఒన్స్ ఐ ఫెల్ ఆఫ్ అండ్ స్క్రేప్డ్ మై నీస్, బట్ ఐ డిడ్ నాట్ టెల్ మై మదర్."

కీళ్ళు చూడండి. 'వెన్' కాలాన్ని కట్టింది, 'సో' కారణాన్ని, 'బట్' చిన్న దొంగతనాన్ని. 'యూజ్డ్ టు' రోజూ జరిగినదాన్ని మోస్తే, 'ఫెల్' ఒక్కసారి జరిగినదాన్ని మోసింది. 'పర్చేజ్డ్' దిద్దనక్కర్లేకుండానే పోయింది, నిజానికి నాన్న కొననే లేదు కదా! 'స్క్రేప్డ్' చివర మాత్రం ఇంకా 'డు' అని అచ్చు తగులుతోంది. మాట చివర అచ్చు లేకపోతే మన నోటికి తోచదు. టీచర్ ఇవాళ దాన్ని ముట్టుకోలేదు, ఉచ్చారణ రేపటి పని.

బిగింపు నిలిచిందో లేదో చూడటానికి వెంటనే ప్రశ్న మార్చాడు. "డు యు రైడ్ ఎ బైక్ నౌ?" కుర్రాడు ఉత్సాహంగా "యస్, ఎవ్రీ డే, టు ఆఫీస్!" అన్నాడు. వ్యాకరణం నిక్షేపంలా ఉంది. అతను చెబుతున్నది మాత్రం కింద పార్కింగ్‌లో ఉన్న బండి గురించి. "అది మోటర్‌బైక్ నాయనా, వాళ్ళు అడిగేది సైకిల్," అని టీచర్ మళ్ళీ మొదటి నుంచి అడిగాడు.