జానెడు జాగా

2022 మే 19న ఇస్తాంబుల్‌లో మహిళల ప్రపంచ బాక్సింగ్ 52 కిలోల ఫైనల్ జరిగింది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ థాయ్‌లాండ్ బాక్సర్ జిత్‌పాంగ్ జుతమాస్‌ను 5-0తో ఓడించింది. ఐదుగురు జడ్జీల్లో ఇద్దరు 30-27 ఇచ్చారు. అంటే వాళ్ల లెక్కలో మూడు రౌండ్లూ ఆమెవే. నిఖత్ తన చేతుల పొడవును చక్కగా వాడుకుందని మర్నాడు పత్రికలు రాశాయి.

మన జిల్లా జనం ఆ బౌట్‌ను నిఖత్ వైపు నుంచి చూశారు. అలా చూడటమే న్యాయం కూడా. అయితే ఎదుటి మూలలో నిలబడి చూస్తే వేరే ప్రశ్న పుడుతుంది. చేతులు పొడవున్న మనిషి దూరం నుంచే కొట్టి తప్పుకుంటుంటే, పొట్టి బాక్సర్ చేయగలిగిందేమిటి? సిరికొండ, ధర్పల్లి వైపు నుంచి బస్సెక్కి నిజామాబాద్ వచ్చి గ్లవ్స్ తొడుక్కునే కుర్రాడికి, స్పారింగ్, అంటే జోడీతో సాధన బౌట్, మొదలుపెట్టిన రోజే ఈ ప్రశ్న ముక్కు మీద తగులుతుంది. వాడి పంచ్ అందదు. అవతలివాడి జాబ్, అంటే ముందు చేత్తో నేరుగా విసిరే పంచ్, మాత్రం అందుతూనే ఉంటుంది.

జవాబు నిఖత్ కథలోనే ఇంకోచోట ఉంది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో, ఒలింపిక్ క్వాలిఫయర్ కోసం 51 కిలోల ట్రయల్‌లో ఆమె మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడిపోయింది. నిఖత్‌కు అప్పుడు 23 ఏళ్లు, మేరీకి 37. మేరీ ఎత్తు 158 సెంటీమీటర్లు. 45, 46, 48 కిలోల విభాగాల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచిన ఆమెకు ఒలింపిక్స్‌లో ఆ బరువులే లేవు. 2012లో లండన్‌లో మహిళల బాక్సింగ్ తొలిసారి ఒలింపిక్స్‌కు వచ్చినప్పుడు అన్నిటికన్నా చిన్న విభాగం 51 కిలోలు. బరువు పెంచుకుని, తనకన్నా పెద్ద ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లతో తలపడి, ఆమె అక్కడ కాంస్యం తెచ్చుకుంది. ఢిల్లీ ట్రయల్ నాటికి పొడవైన ప్రత్యర్థితో ఆడటం ఆమెకు ఏళ్లనాటి అలవాటు. వయసులోనూ ఎత్తులోనూ వెనకబడిన మనిషి ఆ రోజు గెలవడానికి కారణం తొందరపడకపోవడమేనని ఈ కాలమ్ రాసేవాడి నమ్మకం.

కొత్తగా నేర్చుకునే పొట్టివాళ్లు సరిగ్గా ఇక్కడే తప్పుతారు. దగ్గరికి పోతేనే దెబ్బ అందుతుందని అందరూ చెబుతారు కాబట్టి, తల వంచుకుని నేరుగా ఉరుకుతారు. ఇద్దరు బాక్సర్ల మధ్య దూరం మూడు రకాలుగా ఉంటుంది. మొదటిది ఇద్దరి చెయ్యీ అందనంత దూరం. చివరిది ఇద్దరికీ అందేంత దగ్గర. ఈ రెండింటి నడుమ పొడవైనవాడి చెయ్యి మాత్రమే అందే జాగా ఒకటుంది. కొలిస్తే జానెడు కూడా ఉండదు. పొట్టివాడు తినే దెబ్బల్లో ఎక్కువ భాగం అక్కడే తింటాడు. అందుకే స్పారింగ్‌లో వాడు నేర్వాల్సిన అసలు పని ఆ జానెడును దాటడం. అక్కడ ఆగకూడదు, అక్కడ ఆలోచించకూడదు.

ఎప్పుడు దాటాలన్నదే కష్టమైన సంగతి. పొడవైన చెయ్యి ముందుకు వచ్చినంత దూరం వెనక్కీ పోవాలి. అది వెనక్కి మళ్లే క్షణంలో దానితోపాటే లోపలికి అడుగేయాలి. జాబ్‌ను గ్లవ్‌తో ఆపి అక్కడే నిలబడితే రెండో జాబ్ వస్తుంది. జాబ్ చేతికి బయటివైపు తల జరుపుతూ, అదే ఊపులో ముందు కాలు వేస్తే, అవతలివాడి కుడిచెయ్యికి నేరుగా దారి దొరకదు. మోకాళ్లు వంచి పొట్ట మీదికి ఒక జాబ్ వేస్తే వాడి మోచేతులు కిందికి దిగుతాయి. అప్పుడు పైన దారి తెరుచుకుంటుంది. భుజం కదిపి కొట్టినట్టు నటించడం, అంటే ఫీంట్, పొట్టివాడికి కండబలం కన్నా ఎక్కువ పనికొస్తుంది. పొడవైనవాడు ఆ ఫీంట్‌కు జాబ్ విసిరాడా, దాటే సమయం వచ్చినట్టే.

1971 మార్చి 8న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జో ఫ్రేజియర్ ఈ చదువంతా చూపించాడు. అతని ప్రత్యర్థి మహమ్మద్ అలీ ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. ఫ్రేజియర్ ఆరడుగులు కూడా లేడు. ఫ్రేజియర్ శిక్షకుల్లో ఒకడైన ఎడ్డీ ఫుచ్ ఒక్క విషయం పసిగట్టాడు: అలీ కుడిచేత్తో అప్పర్‌కట్ వేసేటప్పుడు ఆ చెయ్యి కిందికి జారుతుంది, దవడకు కాపలా ఉండదు. సరిగ్గా అప్పుడే ఎడమ హుక్ వేయమన్నాడు. పదిహేనో రౌండ్‌లో అలీని నేలకు దించింది ఎడమ హుక్కే. ఆ రాత్రి ఫ్రేజియర్ చాలా దెబ్బలు తిన్నాడన్నదీ నిజమే. మన పిల్లలు అతని తల కదలికను నేర్చుకోవాలి. దెబ్బలు ఓర్చుకుంటూ నడిచిపోయే పద్ధతిని మాత్రం నేర్వకూడదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ టోక్యోది. 2021 జులైలో ఒలింపిక్ 57 కిలోల విభాగంలో టాప్ సీడ్ అయిన తైవాన్ బాక్సర్ లిన్ యు-టింగ్‌ను ఫిలిప్పీన్స్‌కు చెందిన నెస్తీ పెటెసియో 3-2తో ఓడించింది. లిన్ ఎత్తు 175 సెంటీమీటర్లు, పెటెసియో దాదాపు 157. పెటెసియో ఆ ఒలింపిక్స్‌లో రజతం దాకా వెళ్లింది. లిన్ మూడేళ్లకు పారిస్‌లో స్వర్ణం గెలిచింది.

లోపలికి పోవడం గురించి అందరూ చెబుతారు. బయటికి రావడం గురించి చెప్పేవాళ్లు తక్కువ. రెండు పంచ్‌లు వేసి నేరుగా వెనక్కి నడిస్తే మళ్లీ ఆ జానెడు జాగాలోంచే రావాలి, మళ్లీ దెబ్బ తినాలి. పక్కకు, వీలైతే అవతలివాడి ఎడమ భుజం దాటి రావాలి. లేదంటే అతుక్కుని ఉండాలి. బయటికి వచ్చే దారి చూసుకోకుండా లోపలికి పోవద్దని స్పారింగ్ మొదటి నెలలోనే కోచ్ గట్టిగా చెప్పాలి. పారిపోయే పొడవైనవాడి వెంటపడటం కూడా అలాంటి పొరపాటే. మేకపిల్లను పట్టేవాడు దాని వెనక ఉరకడు, అది పోయే దారికి అడ్డం పోతాడు. రింగు తాళ్ల లోపల ఒక్కో వైపు 6.1 మీటర్లే. అడ్డంగా రెండడుగులు వేస్తే చాలు, అవతలివాడు మూలకు చేరతాడు.

ఇవన్నీ రోజూ ఫుల్ స్పీడ్ స్పారింగ్ చేస్తే రావు. బెదిరిన మనిషి కొత్తది ప్రయత్నించడు, పాత అలవాట్లనే పట్టుకుంటాడు. ఒక రౌండ్ అంతా పొడవైనవాడు జాబ్ మాత్రమే వేయాలి, పొట్టివాడు తప్పించుకుని లోపలికి వచ్చి పొట్ట తాకి పోవాలి. మరో రౌండ్‌లో పొట్టివాడు ఒక్క పంచ్ కూడా వేయకుండా తలతో, కాళ్లతో మాత్రమే ఆడాలి. రింగు మధ్యలో ఛాతీ ఎత్తున తాడు కట్టి, దాని కింద అటూ ఇటూ తల దించుతూ నడవడం పాత పద్ధతే. కానీ దానికి మించిన కసరత్తు ఇంకా రాలేదు. పోటీల్లో చిన్న బరువులవాళ్లకు 10 ఔన్సుల గ్లవ్స్ ఇస్తారు, స్పారింగ్‌కు 14 లేదా 16 ఔన్సులవి మంచివి. హెడ్‌గార్డ్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది, లోపలి మెదడును కాపాడలేదు. తల తిరిగినా, వాంతి వచ్చినా ఆ రోజుకు ఆపి డాక్టరును చూడాల్సిందే.

తన సైజువాడితోనే రోజూ ఆడే పొట్టి బాక్సర్‌కు పోటీ రోజున పొడవైన ప్రత్యర్థి ఎదురైతే ఏమీ తోచదు. నిజామాబాద్‌లో కోచ్ శంసాముద్దీన్ దగ్గర మొదలుపెట్టిన రోజుల్లో నిఖత్‌కు తోటి అమ్మాయిలు లేరు, అబ్బాయిలతోనే స్పారింగ్ చేసింది. ఆయన కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో, 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో కాంస్యాలు తెచ్చాడు. ఇంత చరిత్ర ఉన్న పట్నంలో పొడవైనవాళ్లను, ఎడమచేతివాటం వాళ్లను వెతికి పొట్టివాళ్లతో జత కలపడం పెద్ద పని కాదు. రౌండ్ అయ్యాక ఆ ఇద్దరూ రెండు నిమిషాలు మాట్లాడుకోవాలి. ఏ క్షణంలో నీకు ఊపిరాడలేదు, ఏ అడుగు చూసి జాబ్ వేశావు అని పొట్టివాడు అడగాలి. ఇది అడగకుండానే గ్లవ్స్ విప్పి బస్సు కోసం పరిగెత్తే పిల్లలున్నారు. కోచ్‌లు వాళ్లను ఆపి అడిగించాలి.