రుబీడియం సున్నా వెతికే పని

విశాఖ మద్దిలపాలెం కూడలిలో ఎల్‌ఈడీలు రాకముందు రాత్రంతా సోడియం దీపాల పసుపు వెలుగు ఉండేది. దాన్ని చిన్న స్పెక్ట్రోస్కోపులోంచి చూస్తే, బాగా వెలగాల్సిన 589 నానోమీటర్ల దగ్గరే నల్లచార కనిపించేది. గొట్టం నడుమ వేడి సోడియం ఇచ్చిన వెలుగును అంచున ఉన్న చల్లటి సోడియం ఆవిరే మింగేస్తుంది. హుద్‌హుద్ తుపాను తర్వాత దీపాలు మారాయి. కరెంటు ఆదా అయింది గానీ, మాకు ఉచిత ప్రయోగం పోయింది.

ఇలాంటి గీతల మీద ప్రయోగాలు పాతవే. 1896లో జీమన్ లైడెన్‌లో సోడియం మంటను అయస్కాంతం మధ్య పెట్టి, గీతలు వెడల్పవడం చూశాడు. మా కూడలి పక్కనే ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొచ్చర్లకోట రంగధామరావు గారు వర్ణపటాల పరిశోధన పెంచింది కూడా లేజరు పుట్టకముందే.

ఇప్పుడు నాకిష్టమైన ప్రయోగానికి గాజు సెల్‌లో చిటికెడు రుబీడియం చాలు. అది 39 డిగ్రీలకే కరిగే లోహం కాబట్టి గది వేడికే తగినంత ఆవిరి ఉంటుంది. అందులోకి 795 నానోమీటర్ల లేజరు పంపి, కిరణం వెంబడి అయస్కాంత క్షేత్రాన్ని అటూ ఇటూ మెల్లగా జరుపుతాం. క్షేత్రం సున్నా దాటేచోట డిటెక్టరు గీత చటుక్కున పైకి లేస్తుంది. అంటే ఆవిరి కాంతిని వదిలేసింది. పరమాణువు అడుగు శక్తి స్థాయిలు సమానంగా ఉన్నప్పుడు, కాంతిలోని కుడి, ఎడమ సుడుల (వృత్త ధ్రువణాల) ప్రభావాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇక అది కాంతిని తీసుకోలేదు. క్షేత్రం వస్తే రుబీడియం 87లో ఆ స్థాయిలు గాస్‌కు 0.7 మెగాహెర్ట్జ్ చొప్పున విడిపోతాయి, మింగుడు మళ్లీ మొదలవుతుంది. చిత్రమేమంటే, లేజరును తగిన మరో గీతకు మార్చితే అదే సున్నా దగ్గర శోషణ తగ్గడానికి బదులు పెరుగుతుంది!

పిల్లలు లేజరు చుట్టూ మూగుతారు. నా ఓటు మాత్రం రాగితీగ కాయిల్స్‌కే. ఇక్కడ భూమి క్షేత్రమే సుమారు 0.4 గాస్, మనం వెతికే శిఖరం వెడల్పు దానిలో చిన్న ముక్కంత. మూడు దిక్కులా మూడు జతల కాయిల్స్ పెట్టి, కరెంటు పిసరంత పిసరంత సర్దితే తప్ప అది సన్నగా నిలబడదు. ఇనుప స్టూలు దూరంగా జరపాలి, సెల్‌ఫోను బయట పెట్టాలి.

ఇంకో సంగతి. ఐరోపా పుస్తకాలు చదివి నిలువు కాయిల్‌కే ఎక్కువ కరెంటు ఇస్తారు కొందరు. అక్కడ భూక్షేత్రం నేలలోకి బాగా వాలి ఉంటుంది. అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న విశాఖలో అది చాలావరకు అడ్డంగా పరుచుకుంటుంది. మనం ముందు పట్టాల్సింది ఉత్తర దక్షిణాల జతని.