గేటు బయటి సాక్సఫోన్

రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాకా, ఇటు మేడ్చల్ తొవ్వలో, ఫంక్షన్‌హాళ్లు లేచినయి. బారాత్ ముందు బ్యాండుమేళం నడుస్తది. సాక్సఫోన్ ఊదేటాయన గేటు దాకా ఊది ఆగుతడు. విందు లోపల, ఆయన బయట. ఇది చూసిన కండ్లతోనే మేము కానన్‌బాల్ ఆడర్లీ ఆల్బం 'మర్సీ, మర్సీ, మర్సీ' విన్నాం.

1966లో రికార్డయిన ఈ ఆల్బం సోల్ జాజ్ ధోరణిది. అంటే నల్లవారి చర్చి పాటల పలుకునూ, బ్లూస్‌నూ జాజ్‌లో నిలబెట్టిన ధోరణి. టైటిల్ బాణీ 1967లో అమెరికా పాప్ జాబితాలో 11వ స్థానానికి ఎక్కింది. జనం మెచ్చిన ఇలాంటి సంగీతాన్ని కొందరు జాజ్ పండితులు తేలిక సరుకన్నారు. కాలు కదిలితే బుద్ధి నిద్రపోయిందని వాళ్ల లెక్క! డప్పును 'మోత' అని తీసిపారేసిన మన పండితుల కొలబద్ద కూడా ఇదే గదా.

ఆ బాణీలో ఆడర్లీ విన్యాసాలకు దిగడు. ఎలక్ట్రిక్ పియానో ఎత్తుకున్న వరసను ఆయన సాక్సఫోన్, తమ్ముడు నాట్ కార్నెట్ కలిసి పైకి లేపుతయి. శ్రోతలు కేకలతో బదులిస్తారు, పాస్టరు మాటకు సంఘం పలికినట్టు, దరువుకు గుంపు అడుగు కలిపినట్టు. విద్వత్తు లేక కాదు ఈ నిగ్రహం. ఆడర్లీ ఫ్లోరిడాలో బడిపిల్లలకు బ్యాండు నేర్పిన పంతులు; 1959లో మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'లో వాయించిన మనిషి. ఇక్కడ తను తగ్గి వినేవాళ్లకు చోటిచ్చాడు. ఈ ఆల్బం ఆకర్షణ అందులోనే ఉందని మా అభిప్రాయం.

అట్లని అంతా 'అసలు సిసలు' అనుకోవద్దు. అట్టమీద 'ద క్లబ్'లో లైవ్ అని ఉంటుంది గానీ, తీసింది లాస్ ఏంజెలెస్‌లోని కాపిటల్ స్టూడియోలో, పిలిచిన శ్రోతల్ని కూచోబెట్టి. పైగా ఆ బాణీ కట్టింది, పియానో వాయించింది వియన్నాలో పుట్టిన తెల్లవాడు జో జావినుల్. ఇది మాలో కొందరికి మింగుడుపడలేదు. చాలాసేపు వాదించుకున్నాం. చర్చి పలుకు తెల్లవాడి చేతికి పోతే అది దోపిడీ కాదా?

జావినుల్ 1961 నుంచి నల్ల నాయకుడి బృందంలో ఉండి, ఆ శ్రోతల ముందు వాయిస్తూ ఈ బాణీ దాకా వచ్చాడు. దీన్ని దోపిడీ అనడానికి మాకు మనసొప్పలేదు. మన దగ్గర డప్పు సభావేదికలు ఎక్కింది, నిజమే. మాదిగ గురువు కింద ఏండ్ల తరబడి దరువు నేర్చిన అగ్రవర్ణ విద్వాంసులు ఎందరు?

శామీర్‌పేట పెండ్లిలో ఆ సాక్సఫోన్ ఊదేటాయన పేరేమని అడిగితే, పెండ్లివారు 'బ్యాండాయన' అన్నారు.