పావెల్‌కు రాయపురంలో ఉన్న పేరు

గోర్కీ ‘అమ్మ’లో కొడుకు పేరు పావెల్. ‘కాకలు తీరిన యోధుడు’లో ఆస్ట్రోవ్‌స్కీ కథానాయకుడూ పావెలే. రష్యన్ నవలలు తెలుగులో చదివి పెరిగినవాళ్ళకి ఆ పేరు వినగానే కార్ఖానా కూత, ఎర్రజెండా గుర్తొస్తాయి. అయితే అది రష్యాలో పుట్టిన పేరు కాదు. రోమన్లలో ‘పౌలుస్’ అనే పేరుండేది. లాటిన్‌లో చిన్నవాడని అర్థం. అపొస్తలుడు పౌలు వల్ల అది దేశదేశాలూ తిరిగింది. ఆ దారిలో రెండు చోట్ల ఆ పేరుకి జరిగిన చెక్కుడు పని ఎంత చూసినా నాకు తనివి తీరదు.

మొదటిది స్లావులది. వాళ్ళకి ఈ పేరు గ్రీకుల మీదుగా అందింది. బైజాంటియం గ్రీకులు దాన్ని ‘పావ్లొస్’ అని పలికేవాళ్ళు. పావెల్‌లోని వకారం అక్కడిదే. చివరి ‘ఒస్’ గ్రీకు ప్రత్యయం, దాన్ని తీసేశారు. మిగిలిన ‘పావ్ల్’ నోటికి అడ్డంపడుతుంది కనుక నడుమ ఒక ఎత్వం నిలిచింది. ముచ్చటేమిటంటే, అవసరం తీరగానే ఆ ఎత్వం తప్పుకుంటుంది. పావెల్ కొడుకు పావ్లొవిచ్ అవుతాడు, ఆ పేరు మీద వచ్చిన ఇంటిపేరు ఆడవాళ్ళకి పావ్లొవా అవుతుంది. ఉక్రెయిన్‌వాళ్ళు అచ్చును చివరకి జరిపి పావ్లో అన్నారు, సెర్బులు పావ్లె అన్నారు. ఇదంతా శబ్దం మీద జరిగిన పని. అర్థం జోలికి ఎవరూ పోలేదు.

అర్థాన్ని పట్టుకున్నది మన దక్షిణాది. చెన్నై రాయపురంలో సెయింట్ పీటర్స్ చర్చి ఉంది. పేతురుని తమిళ కతోలికులు రాయప్పర్ అంటారు, రాయపురానికి ఆ పేరు ఆయన వల్లే వచ్చిందని చెబుతారు. రాయ అంటే రాజు. అపొస్తలుల్లో పెద్దకి తగిన మాట. తెలుగు చెవికి అందులో రాయి కూడా వినిపిస్తుంది, గ్రీకులో పేత్రోస్ అన్నా రాయే. ఆ రాయప్పర్‌కి జంట చిన్నప్పర్, అంటే పౌలు. ఇద్దరి పండుగా ఒకటే రోజు, జూన్ 29.

చిన్నప్ప అన్న పేరుని కాస్త దగ్గరగా చూడండి. పౌలుస్ అంటే చిన్నవాడు కనుక ‘చిన్న’ సరిపోయింది. కానీ అక్కడితో ఆగితే అర్థం దక్కి మర్యాద పోతుంది. చిన్నోడా అని పిలిచి ఎవరు మొక్కుతారు? అందుకని పక్కన ‘అప్ప’ని నిలబెట్టారు. మొదటి సగం తగ్గిస్తుంది, రెండో సగం తండ్రిని చేస్తుంది. అపొస్తలులందరిలో తాను తక్కువవాణ్ణని కొరింథీయులకు రాసిన లేఖలో పౌలే చెప్పుకున్నాడు. ఆ వినయం, జనానికి ఆయన మీదున్న భక్తి, రెండూ మూడక్షరాల్లో ఇమిడిపోయాయి. పైగా ఇది కొత్తగా పోతపోసిన మాటలా ఉండదు. హిందువుల ఇళ్ళలోనూ చిన్నప్పలున్నారు, పేరు విని మతం చెప్పలేం.

ఇలాంటి పని ఇంకా జరిగింది. యోహాను అన్న హీబ్రూ పేరులో దేవుని కృప ఉంది. తమిళంలో అరుళ్ అంటే కృప, అందుకే అక్కడ ఆయన అరుళప్పర్. 1745లో నీలకంఠ పిళ్ళై బాప్తిస్మం పుచ్చుకుని లాజరు అయ్యాడు. లాజరు అంటే దేవుని సహాయం కనుక దేవసహాయం అని పిలిచారు. 2022లో పోప్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించినప్పుడు లోకమంతా ఆ పేరే పలికింది. అన్నిటికీ అర్థమే దారి చూపలేదు. ఇగ్నేషియస్ ఇన్నాసి అయ్యాడు, అది ఉట్టి శబ్దం. జేవియర్ శౌరి అయ్యాడు. శౌరి విష్ణువు పేరని ఎరిగినవాళ్ళకి అందులోని నేర్పు తెలుస్తుంది.

ఈ పేర్లు తెలుగు కతోలికుల ఇళ్ళకీ వచ్చాయి. చిన్నప్ప, రాయప్ప, ఇన్నాసయ్య, శౌరయ్య గుంటూరు సీమలో బాగా వినబడే పేర్లు. రెడ్ల ఇళ్ళలో చిన్నప్పరెడ్డి అయింది. తెలుగు ప్రొటెస్టెంట్లు మాత్రం బైబిల్లో ఉన్నట్టే పౌలు అని పెట్టుకున్నారు. అలా ఒకే ఊళ్ళో పౌలు, చిన్నప్ప ఎదురెదురు ఇళ్ళవాళ్ళయినా ఇద్దరిదీ ఒకే పేరు.

2023లో చెక్ రిపబ్లిక్‌కి అధ్యక్షుడైన మాజీ సైన్యాధికారి పేరు పెత్ర్ పావెల్. రాయపురం చర్చి వాకిట్లో ఆయన్ని పరిచయం చేయాలంటే రాయప్ప చిన్నప్ప అంటే చాలు.